నొప్పుల బిళ్ల

తునికాకు రోజులు వచ్చాయంటే మన గూడేల్లో నొప్పుల బిళ్లకు గిరాకీ పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే అడవికి పోవాలి. నడుము వంచి ఆకు కోయాలి. మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి చేరాలి. మధ్యాహ్నమంతా కూర్చుని యాభై ఆకులకో కట్ట కట్టి, పొద్దు గూకేలోపు కల్లానికి మోయాలి. రాత్రికి నడుము మనది కాదు, మోకాళ్లు మనవి కావు. మర్నాడు మళ్లీ లేవాలంటే ఒంట్లో ఏదో ఒకటి పడాలి. మనం కోసిన ఆకు బీడీ అయి తిరిగి మన ఊరి కొట్టుకే వస్తుంది. ఆ బీడీకట్ట పక్కనే అగ్గిపెట్టె, అగ్గిపెట్టె పక్కనే నొప్పుల బిళ్ల. అడిగితే ఒక్కటి కూడా కత్తిరించి ఇస్తారు.

ఆ బిళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. నొప్పితో ఉన్నవాడికి ఓర్చుకోమని చెప్పడం సులువు, ఆకు కోసేది చెప్పేవాడు కాదు కాబట్టి. మేము కోయ పంతుళ్లం. రెండేళ్లు టీచర్ ట్రైనింగ్ చదివి ఇరవై ఏళ్లుగా ఏజెన్సీ బడుల్లో పాఠం చెబుతున్నాం. డాక్టర్లం కాము. కానీ ఊళ్లో ఎవరికి చీటీ ఇచ్చినా, ఎవరింటికి మందులు వచ్చినా "పంతులూ, ఇది ఎందుకో చూడు" అని మా గడప దగ్గరికే తెస్తారు. అలా చూడగా చూడగా తెలిసిన సంగతులు, మా ఇంట్లోనే జరిగిన ఒక సంగతి, చదువుకుంటున్న పిల్లలకూ తోటి టీచర్లకూ పనికొస్తాయని రాస్తున్నాం.

మా పెదనాయనకు అరవై దాటాయి. ఆధార్ కార్డు మీద ఇంకా తక్కువే ఉంటుంది. పోడు కొట్టిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. సంత రోజున బండి మీద వచ్చే ఆర్‌ఎంపీ దగ్గర వారానికి సరిపడా పొట్లాలు కట్టించుకునేవాడు. ఒక్కో పొట్లంలో మూడు బిళ్లలు. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది, ఒకటి పెసరగింజ కంటే కాస్త పెద్దది. వాటి పేర్లు ఇంట్లో ఎవరికీ తెలియవు. 'పచ్చ బిళ్ల', 'బుడ్డ బిళ్ల' అని రంగుతో, సైజుతో పిలిచేవాడు. పొట్లం అయిపోయి సంత ఇంకా రాకపోతే కొట్టులో దొరికేది వేసుకునేవాడు. తెల్లవారుజామున పరగడుపున ఒకటి, సాయంత్రం కల్లు తాగాక ఒకటి. ఆ బుడ్డ బిళ్ల వచ్చాక ఒళ్లు తేలికైందనీ, ఆకలి బాగా వేస్తోందనీ మెచ్చుకునేవాడు. మొహం కూడా నిండుగా కనిపించేది.

రెండేళ్లు గడిచాక ఆయాసం మొదలైంది. చిన్న గట్టు ఎక్కడానికి రెండుసార్లు ఆగేవాడు. "వయసురా బిడ్డా, ఇంకేం లేదు" అనేవాడు. అరచేతులు తెల్లగా పాలిపోయాయి. కడుపులో నొప్పి ఉందా అంటే లేదనేవాడు. ఇక్కడ ఒక్క మాట. ఈ బిళ్లల వల్ల కడుపులో పుండు పడ్డ వాళ్లందరికీ కడుపునొప్పి రాదు. ముఖ్యంగా ముసలివాళ్లలో, ఏ నొప్పీ లేకుండానే పుండు పడి రక్తం కారుతుంది. నొప్పిని చంపే మందు వేసుకుంటున్నారు కదా, ఆ పుండు నొప్పిని కూడా అది కొంత కప్పేస్తుంది.

ఒక పొద్దున వాగు దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడు. వాంతి అయింది. వైద్యం పుస్తకాల్లో దీన్ని 'కాఫీ పొడి రంగు వాంతి' అంటారు. మన గూడెంలో కాఫీ పొడి చూసినవాళ్లు ఎంతమంది? కుండ అడుగున మసి నీళ్లలో కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంది. కడుపులోని ఆమ్లం తగిలి రక్తం అలా నల్లబడుతుంది. కర్రకు దుప్పటి కట్టి, డోలీలో వాగు దాటించి, రోడ్డు మీదకు తెచ్చాక 108 దొరికింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "మోషన్ నల్లగా పోతోందా పెద్దాయనా?" పెదనాయన మా మొహం వైపు చూశాడు. మేము కోయలో చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, "చీకట్లో పోతాను, చీకట్లోనే వస్తాను. ఏ రంగో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఆ మాట మళ్లీ తెలుగులో చెబితే డాక్టరు నవ్వలేదు. రక్తం పరీక్ష రాశాడు. మగవాళ్లకు 13 గ్రాములకు తగ్గకుండా ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆయనకు 5 ఉంది. వారాల తరబడి రక్తం కొద్దికొద్దిగా పేగుల్లోకి పోయింది. బయటికి ఎర్రగా కనబడలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

రక్తం ఎక్కించారు. తరువాత పట్నంలో నోట్లోంచి సన్నటి గొట్టం దింపి చూస్తే కడుపులో పుండు కనిపించింది. "ఏ మందులు వాడారు?" అని అడిగారు. పొట్లాలు చూపించాం. డాక్టరు అరచేతిలో వేసుకుని తిప్పి చూశాడు. "ఇట్లాంటి తెల్ల బిళ్లలు వందరకాలు ఉంటాయి. షీటు ఉందా?" షీటు లేదు. పొట్లం కట్టేటప్పుడే షీటు పోతుంది. తమ్ముణ్ణి ఇంటికి పంపితే గుడిసె చూరులో దోపిన సగం షీటు ఒకటి దొరికింది, కొట్టులో కొన్నది. దాని మీద డైక్లోఫెనాక్ అని ఉంది. బుడ్డ బిళ్ల స్టెరాయిడ్ అయ్యుండవచ్చని డాక్టరు అనుమానించాడు. మొహం నిండుగా అవడం, ఆకలి పెరగడం విని ఆ మాట అన్నాడు. అది నిజంగా ఏమిటో ఈ రోజుకీ మాకు తెలియదు.

ఆ వార్డులోనే ఒకామె, "మీవాళ్లు సారా తాగుతారు, కారం తింటారు, అందుకే పుండ్లు" అంది. మన జబ్బులన్నిటికీ ఈ జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. సారా ఈ పుండుకు మేలు చేయదు, అది నిజమే. నొప్పుల బిళ్ల మీద సారా పడితే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. కానీ కారం వల్ల పుండు పడుతుందనేది పాత మాట. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు కడుపులో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల పుండ్లు వస్తాయని చెప్పారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. కడుపు పుండ్లకు రెండు పెద్ద కారణాలు ఇవే: ఒకటి ఈ బ్యాక్టీరియా, రెండోది నొప్పుల బిళ్ల. రెండూ ఒకే మనిషిలో కలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ.

నొప్పుల బిళ్ల కడుపును ఎలా కొడుతుందో టీచర్లు తెలుసుకుంటే పిల్లలకు చెప్పడం సులువు. మన కడుపులో ఊరే ఆమ్లం మాంసాన్ని కూడా అరిగించగలదు. మరి కడుపునే ఎందుకు అరిగించదు? లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది. గోడను పేడతో అలికినట్టు శరీరం ఆ పూతను రోజూ వేసుకుంటూనే ఉంటుంది. ఆ పనిని చేయించేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. దెబ్బ తగిలినచోట వాపునూ నొప్పినీ తెచ్చేవి కూడా అవే. ఆస్పిరిన్ లాంటి మందులు వీటి తయారీని ఆపేస్తాయని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ కనుక్కున్నాడు. 1982లో ఆయనకూ నోబెల్ వచ్చింది. అంటే మోకాలు నొప్పి తగ్గించే పనే కడుపులో అలుకు ఆపేసే పని కూడా. రెండూ ఒకే మందు, ఒకే దారి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అన్నీ ఇదే కుటుంబం.

దీన్నిబట్టి మన ఊళ్లలో నడిచే ఒక నమ్మకం తప్పని తేలుతుంది. "బిళ్ల అయితే కడుపు కాలుతుంది, సూది వేయించుకుంటే ఏమీ కాదు" అంటారు. సూది మందు కూడా రక్తంలో కలిసి అక్కడి నుంచే ఆ అలుకును ఆపుతుంది. కడుపుకు దెబ్బ దానితోనూ ఉంటుంది. అన్నం తిన్నాక వేసుకుంటే మంట కొంత తగ్గుతుంది, తిన్నాకే వేసుకోవాలి, కానీ అంతటితో పుండు రాదనుకోకూడదు. తోడుగా ఇచ్చే గ్యాస్ బిళ్ల, అంటే పాంటాప్రజోల్, ఒమిప్రజోల్ లాంటివి, కడుపును చాలావరకు కాపాడతాయి. దాన్ని తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. మనవాళ్లు అన్నీ కలిపి ఒకేసారి మింగుతారు. అయినా గ్యాస్ బిళ్ల కాపాడేది కడుపునూ దాని కింది కొంత భాగాన్నీ. అంతకంటే కింద చిన్నపేగుల్లో పడే పుండ్లను అది ఆపలేదు. స్టెరాయిడ్, నొప్పుల బిళ్ల కలిపి వాడితే ప్రమాదం చాలా రెట్లు పెరుగుతుంది. పొట్లాల మీద మా భయం అందుకే. గుండె జబ్బుకు డాక్టరు రాసిన చిన్న ఆస్పిరిన్ వాడేవాళ్లు ఇది చదివి దాన్ని మానేయవద్దు. దాన్ని ఆపడం కూడా ప్రమాదమే. దాని మీద ఇంకో నొప్పుల బిళ్ల వేసుకునేముందు మాత్రం డాక్టర్ని అడగాలి.

వానాకాలం జ్వరాలప్పుడు ఇంకో మాట. జ్వరం డెంగీ కావచ్చు. డెంగీలో రక్తం గడ్డకట్టే కణాలు పడిపోతాయి. అప్పుడు ఈ కుటుంబం బిళ్ల వేస్తే రక్తస్రావం ముదురుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. అది కడుపు గోడను ఇలా కొట్టదు. మోతాదు మించితే కాలేయం చెడుతుంది, తాగే అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా. కాబట్టి దానికీ లెక్క ఉంది.

రాబందుల సంగతి మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. చచ్చిన పశువు దగ్గర గుంపులుగా దిగేవి, ఒకప్పుడు. తరువాత కనబడకుండా పోయాయి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్, వాటి మాంసం తిన్న రాబందుల మూత్రపిండాలను చెడగొట్టిందని 2004లో పరిశోధకులు తేల్చారు. 2006లో మన దేశం పశువులకు ఆ మందును నిషేధించింది. మనిషి రాబందు కాదు, పోలిక అంతదూరం లాగకూడదు. కానీ ఎద్దుకు వేసిన సూది ఆకాశంలో పక్షి దాకా పోయిందంటే, మందు ఎక్కడ ఆగుతుందో వేసినవాడికి తెలియదన్నమాట.

ఇక ఆర్‌ఎంపీ సంగతి. తప్పంతా ఆయన మీద వేసి చేతులు దులుపుకుంటే మాకు ఒప్పుదల కాదు. అర్ధరాత్రి పిల్లవాడికి ఫిట్స్ వస్తే వాగులో బండి దించి వచ్చేది ఆయనే. డబ్బులు ఆకు పైసలు వచ్చాక ఇచ్చినా ఊరుకుంటాడు. సబ్ సెంటర్‌కు తాళం ఉన్న రోజున కూడా ఆయన బండి చప్పుడు వినిపిస్తుంది. మా ఏజెన్సీలో కొన్ని ఊళ్లు 2014 తరువాత ఒక రాష్ట్రంలో, దగ్గరి పెద్దాసుపత్రి ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. అలాంటిచోట ఎవరు దగ్గరుంటే వాళ్లే డాక్టరు. అయినా ఒకటి అడగాలి, గట్టిగానే అడగాలి: బిళ్లలు షీటులోనే ఇవ్వు, విడదీసి పొట్లం కట్టొద్దు. పెదనాయన ఇంటికి వచ్చాక ఆయనతో మేము ఇదే అన్నాం. "షీటు ఇస్తే మీరే కొట్టులో కొనుక్కుంటారు సార్, మళ్లీ నా దగ్గరికి ఎవరొస్తారు?" అన్నాడు. నిజం చెప్పాడు. ఆ నిజం మా పెదనాయన కడుపులోంచి పోయింది. ఇప్పుడు మా ఇంటివరకు షీటే ఇస్తున్నాడు. మిగతా ఇళ్లకు ఇంకా పొట్లమే.

నల్ల విరేచనం గురించి టీచర్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన బడుల్లో వారానికోసారి పిల్లలకు ఐరన్ బిళ్లలు మనమే మింగిస్తాం, చిన్నవాళ్లకు గులాబీ రంగువి, పెద్దవాళ్లకు నీలం రంగువి. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లబడుతుంది. అది చూసి భయపడి తల్లులు బిళ్లలు పారేయిస్తారు. భయం లేదని ముందే చెప్పాలి. కడుపులో తిప్పుతుందన్న పిల్లలకు అన్నం తిన్నాకే ఇవ్వాలి. మరి రక్తం వల్ల వచ్చే నలుపు ఎలా ఉంటుంది? తారులా ఉంటుంది. జిగటగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా పోదు, వాసన భరించలేనట్టు ఉంటుంది. నొప్పుల బిళ్లలు వాడే మనిషికి అలా పోతే, దానితో ఆయాసమో కళ్లు తిరగడమో ఉంటే, తెల్లారేదాకా ఆగకూడదు. ఉన్నట్టుండి కడుపు బల్లలా గట్టిపడి, కదిలితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే పుండు చిల్లు పడిందని అనుమానించాలి. అప్పుడు నొప్పికి ఇంకో బిళ్ల వేసి పడుకోబెట్టడమంత ప్రమాదం ఇంకోటి లేదు. స్టెరాయిడ్ వాడేవాళ్లలో ఆ నొప్పి కూడా సరిగా తెలియకపోవచ్చు.

వేరే మందుల గురించి రెండు మాటలే. డాక్సీసైక్లిన్ అనే గుళికను జ్వరాలకు రాస్తారు. మనవాళ్లు గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే చాప మీద ఒరుగుతారు. అది అన్నవాహికలో అతుక్కుని అక్కడే పుండు చేస్తుంది. తరువాత ఉమ్మి మింగినా గుండెలో కత్తి దిగినట్టు ఉంటుంది. చెంబెడు నీళ్లతో, కూర్చునో నిలబడో మింగి, అరగంటైనా పడుకోకుండా ఉంటే చాలు. టీబీ మందులు వాడేటప్పుడు మూత్రం ఎర్రటి నారింజ రంగులో వస్తే అది మందు రంగే. అదే వాంతులు ఆగక, అన్నం సయించక, కళ్లు పచ్చబడితే కాలేయం దెబ్బతింటున్నట్టు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఇంట్లో కూర్చుని కోర్సు మానేయడం మాత్రం దారి కాదు.

సికిల్ సెల్ ఉన్న పిల్లలు మన ఆశ్రమ పాఠశాలల్లో ఉన్నారు. ఎముకల్లో వచ్చే వాళ్ల నొప్పి మామూలుది కాదు. నొప్పి మందు వాళ్లకు నిజంగా అవసరం. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టాక పరీక్షలు ఎక్కువయ్యాయి, కార్డులు వచ్చాయి. కార్డు ఉన్న పిల్లవాడు ఏ బిళ్ల ఎన్ని రోజులు వేసుకోవాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవడం వార్డెన్లు, టీచర్లు చూడవలసిన పని. అసలే రక్తం తక్కువగా ఉండే ఒళ్లు అది. కడుపులోంచి ఇంకా కారితే ఏముంటుంది?

పెదనాయన బతికాడు. గ్యాస్ బిళ్లల కోర్సు, బ్యాక్టీరియాకు మందులు వాడాడు, పుండు మానింది. మోకాళ్లు మాత్రం మానలేదు. వేడినీళ్ల కాపడం పెడతాం, డాక్టరు రాసిన పారాసిటమాల్ లెక్క ప్రకారం ఇస్తాం, పై పూత రాస్తాం. "ఆ బుడ్డ బిళ్ల ఉంటే ఆకుకు పోయేవాణ్ణి" అని ఇప్పటికీ అంటాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఆ సీజను పోతే ఆ ఇంటికి వానాకాలం పెట్టుబడి లేదని మాకూ తెలుసు.

బడిలో ఒక పని మొదలుపెట్టాం. ఏడో తరగతి పిల్లల్ని ఇంట్లోని ఖాళీ షీట్లు తెమ్మన్నాం. బిళ్లలు ఉన్నవి ముట్టుకోవద్దన్నాం. రెండు వారాల్లో 43 షీట్లు వచ్చాయి. వాటి మీద కోయ మాట సంగతి సరే, తెలుగు అక్షరం కూడా లేదు. అన్నీ ఇంగ్లీషే. పిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కుని మందు పేర్లు నోటుబుక్కులో తెలుగులో రాశారు. గడువు తేదీ వెతికారు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుకు షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుందని చెప్పాం. ఏ షీటు ఏ కొట్టులో కొన్నారో పక్కన రాసుకున్నారు. 43లో 26 నొప్పుల బిళ్లలవే. కంపెనీలు పెట్టిన పేర్లు తొమ్మిది, అసలు మందులు నాలుగే.

ఒక పిల్ల రెండు షీట్లు పట్టుకుని వచ్చింది. రెండూ వాళ్ల నాయనమ్మవే. ఒకటి ఆసుపత్రిలో రాసిన ఎసిక్లోఫెనాక్, ఇంకోటి కొట్టులో కొన్న డైక్లోఫెనాక్. ముసలమ్మ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటోంది, ఒకటి నడుముకూ ఒకటి కాళ్లకూ అనుకుని. రెండూ ఒకే కుటుంబం మందులని చెప్పాం. ఆ పిల్ల ఇంటికి పోయి నాయనమ్మకు దాన్ని తన మాటలో చెప్పిందట: "ఇవి రెండూ ఒకే గట్టోళ్లు నాయనమ్మా. ఒకే గట్టోళ్లను కలపకూడదు కదా."

ముసలమ్మ రెండు షీట్లనూ దీపం దగ్గర తిప్పి తిప్పి చూసిందట. "ఈ సంగతి ముందే చెప్పొద్దానే పిల్లా! ఇద్దరిలో ఎవరిని ఉంచాలో, అసలు ఉంచాలో వద్దో బుధవారం సిస్టరమ్మ వస్తది కదా, అడుగుదాం. అందాక చూరులో పెట్టు" అందట.

బుధవారం ఆ పిల్ల షీట్లు రెండూ నోటుబుక్కులో పెట్టుకుని, నాయనమ్మ చెయ్యి పట్టుకుని అంగన్‌వాడీ దగ్గర వరసలో నిలబడింది. టీకాల కోసం వచ్చిన తల్లులు దారి ఇచ్చారు.